మెల్లగా తెరుచుకున్న స్వరం

ఈరోజు పొద్దున మా కాలనీ చర్చిలో ఒక పాట మధ్యలోనే కూలిపోయింది. కూల్చింది నేను. నింద మాత్రం డెబ్బై దాటిన టీచరమ్మ మీద పడింది. అది పడుతుంటే నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. ఊరికే నిలబడినా కొంత నయముండేది. "వయసు మీదవడ్డంక ఎవలికైనా గంతే టీచరమ్మా" అని ఓదార్చాను కూడా.

తప్పు ఎవరిదో నాకు తెలుసు. తెలిసే ఓదార్చాను.

పటేల్‌గూడలో మా చర్చి పెద్దదేం కాదు. పైన రేకులు, కింద బండలు, ఆడవాళ్ళ వైపు నాలుగు ఫ్యాన్లు, మగవాళ్ళ వైపు తిరగని ఫ్యాన్లు. వచ్చేవాళ్ళలో సగం మంది శనివారం నైట్ షిఫ్టు చేసి అటునుంచి అటే వస్తారు. ప్రసంగం అప్పుడు వాళ్ళు కునికితే మా పాస్టరు అయ్యగారు ఏమీ అనరు. పాటప్పుడు మాత్రం ఎవరూ కునకరు, ఎందుకంటే అక్కడ టీచరమ్మ ఉంటుంది. కొండాపూర్ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. ఇప్పుడు మా వెనక గల్లీలో చెల్లెలితో ఉంటుంది. నేను ఈ కాలనీకి రాకముందు నుంచే చర్చిలో హార్మోనియం ఆమెది. మేమందరం దాన్ని పెట్టె అంటాం. కుడిచేత్తో మెట్లు నొక్కుతూ, ఎడమచేత్తో వెనక తిత్తి ఊపుతూ, కళ్ళజోడు పైనుంచి ఎవరు పాడుతున్నారో, ఎవరు పెదాలు మాత్రమే కదుపుతున్నారో చూస్తూ ఉంటుంది.

ఈ ఎండాకాలం తడి గచ్చు మీద జారి ఆమె ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పారు కానీ తిత్తి ఊపితే నొప్పి మోచేతి దాకా గుంజుతోంది. మా ఢోలక్ వాయించే తమ్ముడు పటాన్‌చెరు బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడు. ఒక ఆదివారం "మీరు మెట్లు నొక్కున్రి, నేను తిత్తి ఊపుత" అని ముందుకొచ్చాడు. ఆమె స్వరం సాగదీసే చోట అతను ఆపాడు. ఆమె ఆపే చోట గట్టిగా ఊపాడు. పెట్టె ఉబ్బసం వచ్చిన మనిషిలా దగ్గింది.

పాట అయ్యాక ఆమె అంది: "నా ముక్కుతోని నువ్వు ఊపిరి పీలుస్తె ఎట్లుంటది నాయనా?"

"ఆటోకైతే గేర్లన్న ఉంటయి టీచరమ్మా. దీనికి ఏది ఎటు వోతదో ఎర్కైతలేదు."

అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కానీ కోత పండుగ దగ్గరపడుతోంది, అది వచ్చే ఆదివారమే. మా కాలనీలో పొలమున్నవాళ్ళు తక్కువ, అయినా ఆ రోజు ఎవరూ ఖాళీ చేతులతో రారు. డాబా మీద పండిన సొరకాయలు, ఇంటి కోడి గుడ్లు, కొండాపూర్ వైపు చుట్టాలు పంపిన జొన్న కంకులు, ఏమీ లేనివాళ్ళు చాయ్‌పత్తా పొట్లం పట్టుకుని వరసగా ముందుకు నడుస్తారు. వాళ్ళు నడిచినంతసేపూ పాట ఆగకూడదు. ఆ పాట వాయించేది టీచరమ్మే. ఈసారి ఎలా అని అందరూ దిగులు పడుతుంటే నేను లేచి, "నా దగ్గర ఒక మిషనున్నది, దానికి తిత్తి అక్కర్లేదు" అన్నాను.

ఆ మిషను ఒక సింథసైజర్. నగరంలో ఒక రికార్డింగ్ స్టూడియో మూసేస్తుంటే తెచ్చుకున్నాను. పెళ్ళిళ్ళలో వాయించే కీబోర్డులా బటన్ నొక్కితే వీణ, ఇంకో బటన్ నొక్కితే సన్నాయి వచ్చే రకం కాదది. అందులో రెడీమేడ్ శబ్దాలేవీ లేవు. మొదట ఒక ముడి ధ్వని వస్తుంది, కందిరీగ డబ్బాలో చిక్కుకున్నట్టు. దాన్ని మనమే చెక్కుకోవాలి. ఫిల్టర్ అనే గుండీని రేడియో నాబ్‌లా తిప్పితే అందులోని పదునంతా జల్లెడ పట్టినట్టు పోయి కింది మెత్తదనం మిగులుతుంది. ఎన్వలప్ అనే నాలుగు గుండీలు ఆ స్వరం బతుకంతా నిర్ణయిస్తాయి: ఎంతసేపట్లో లేవాలి, లేచాక ఎంతసేపట్లో తగ్గాలి, వేలు ఉన్నంతసేపూ ఏ మట్టాన నిలవాలి, వేలు తీశాక ఎంతసేపు మిగలాలి. మొదటి గుండీని అటాక్ అంటారు, చివరిదాన్ని రిలీజ్. ఒకే ముడి ధ్వని, గుండీలు ఇటు తిప్పితే గంట, అటు తిప్పితే పిల్లనగ్రోవి. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను. మా ఆవిడ ఇప్పటికీ అది చెప్పి నవ్వుతుంది.

నా ఉద్యోగం కూడా గుండీలతోనే. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఆవిరి లైన్ల వాల్వులు, మీటర్లు చూసుకుంటాను. ఆవిరి వాల్వు ఎప్పుడూ మెల్లగా తెరవాలి. ఒక్కసారిగా తెరిస్తే పైపులో నిలిచిన నీళ్ళు సుత్తితో కొట్టినట్టు కొడతాయి, పైపు మొత్తం ఎగిరిపడుతుంది. కొత్తగా చేరిన వాళ్ళకు నేను నేర్పే మొదటి మాట అదే: మెల్లగా తెరువు, మెల్లగా ముయ్యి. అది నా మణికట్టులోకే ఎక్కిపోయింది. ఇంట్లో నల్లా కూడా నేను అలాగే తిప్పుతాను. మా ఆవిడ బిందె పట్టుకుని నిలబడి, "జల్దీ తిప్పు, గదేం పేలదు" అంటుంది.

టీచరమ్మ కోసం హార్మోనియం శబ్దం తయారు చేస్తూ వారం రోజుల సాయంత్రాలు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. ముడి ధ్వని తీసుకున్నాను, ఫిల్టర్ కొంచెం మూశాను, ముక్కుతో పాడినట్టు ఒక వంపు తెచ్చాను. అక్కడితో ఆగితే బాగుండేది. చెయ్యి ఊరుకోలేదు. అటాక్ పెంచాను. స్వరం పొద్దు పొడిచినట్టు మెల్లగా లేచింది. రిలీజ్ పెంచాను. వేలు తీశాక కూడా పొగలా తేలింది. ఒక్కొక్క మెట్టే నొక్కుతూ కళ్ళు మూసుకుని వింటుంటే ఎంత బాగుందో! అది ఇక హార్మోనియం కాదన్న సంగతి చెవికి తెలుస్తూనే ఉంది. మనసు ఒప్పుకోలేదు. పైగా ఈ ఆదివారం దాకా ఎవరికీ వినిపించొద్దనుకున్నాను, టీచరమ్మకు కూడా. అందరూ ఒక్కసారే విని ఆశ్చర్యపోవాలి. నాలో ఉన్న చెడ్డగుణం ఇదే. సాయం చేయడం నాకు ఇష్టమే, కానీ చేస్తుండగా నలుగురూ చూడాలి.

ఈ పొద్దున చూశారు. మొదటి పాట నెమ్మదైనది. టీచరమ్మ మెట్టు నొక్కింది, స్వరం పొగమంచులా రేకుల కప్పు దాకా పరుచుకుంది. వెనక వరసలో కునుకుతున్నవాళ్ళు లేచి చూశారు. అయ్యగారు నావైపు తల ఊపారు. నా ఛాతీ చొక్కాలో పట్టలేదు.

రెండోది చప్పట్ల పాట. పాత కీర్తనే, ఢోలక్ దూకుతుంటే పరుగులా సాగేది. ఆమె వేళ్ళు పరుగు మొదలుపెట్టాయి. స్వరాలు మాత్రం మంచం దిగి చెప్పులు వెతుక్కుని బయలుదేరాయి. ఒకటి లేచేలోపు వేలు రెండోదాని మీదికి పోతోంది, మొదటిది ఇంకా గాల్లోనే ఉంటోంది. అన్నీ కలిసి సంగటి ముద్దయ్యాయి. ముందు వరస ఆడవాళ్ళు ఢోలక్‌తో పోయారు. వెనక మగవాళ్ళు సింథసైజర్ కోసం ఆగారు. ఆమె ఆ రెండింటి మధ్య వేగం తగ్గించి చూసింది, పెంచి చూసింది. మూడో చరణంలో రెండు గుంపులూ వేరువేరు మాటలు పాడుతుంటే అయ్యగారు చెయ్యెత్తి, "కూర్చుండి ప్రార్థన చేసుకుందాం" అన్నారు. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు.

రెండో చరణంలోనే నాకు విషయం అర్థమయింది. అటాక్ గుండీ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. తిప్పొచ్చు. తిప్పితే, ఇంతసేపూ తప్పు దానిదేనని అందరికీ తెలిసిపోతుంది. తిప్పలేదు.

ప్రార్థన అయ్యాక ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ వైపు చూసుకుంది. "మొద్దువారినయి బిడ్డా. నీ మిషను మంచిదే. నా వేళ్ళే వెనకవడుతున్నయి" అంది. అప్పుడే నేను ఆ వయసు మాట అన్నది. ఆమె తల ఊపి, "వచ్చే ఆదివారం నువ్వే వాయించు. పండుగనాడు నవ్వులపాలు ఎందుకు" అని కళ్ళజోడు తీసి దాని డబ్బాలో పెట్టుకుంది.

ప్లాంటులో రీడింగు తేడా వస్తే ముందు మీటరు చూస్తాను, తర్వాతే మనిషిని అడుగుతాను. జీతమిచ్చేదే అందుకు. చర్చిలో ఆ పద్ధతి ఎక్కడికి పోయిందో!

ఇంటికొచ్చి సింథసైజర్‌ను స్పీకరుకు తగిలించి అదే పాట నేను వాయించి చూశాను, ఎక్కడో కొంచెం ఆమె తప్పు కూడా దొరకకపోతుందా అన్న ఆశతో. మా ఆవిడ వంటింట్లో కోడికూర కలుపుతూ అడిగింది.

"గిదేంది, నువ్వు నొక్కినంక చాయ్ తాగి వచ్చి పలుకుతున్నదా?"

"అటాక్ ఎక్కువ పెట్టిన" అన్నాను.

"పొద్దున చర్చిల గూడ గిదేనా?"

"గిదే."

ఆమె బయటికొచ్చింది. "అంటే టీచరమ్మది తప్పు గాదు."

"కాదు."

"ఆమెకు జెప్పినవా?"

నేను స్పీకరు వైరు పీకి చుట్టడం మొదలుపెట్టాను.

"ఏం జెప్పినవ్ మరి?"

"వయసైతే అంతే అన్న."

ఆమె గరిటె చేతిలోనే పట్టుకుని నన్ను కొంచెంసేపు చూసింది. కొడుతుందేమో అనిపించింది. "తిని పో" అంది చివరికి. "ఆకలి మీద పోతె మల్ల ఇంకో అబద్ధమాడుతవ్."

ఢోలక్ తమ్ముడికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం ఎండలో ఆటో వేసుకుని వచ్చాడు. సింథసైజర్, స్పీకరు, వైర్ల సంచి వెనక పెట్టుకుని కూర్చున్నాను. విషయం చెబితే గల్లీ మలుపు దాకా నవ్వాడు.

"అన్నా, నేనేమో నా చేతులే ముందుకు ఉరుకుతున్నయనుకున్న. ఇంటికివోయి మా ఆమె మీద చిరాకు గూడ వడ్డ. గామెకు గూడ జెప్పాలె నువ్వు."

టీచరమ్మ చెల్లెలు గేటు తీసింది. గొంతు తగ్గించి, "వచ్చిన కాంచి వేళ్ళకు మందు రాసుడే. అన్నం గూడ సగమే తిన్నది" అంది.

లోపల టీచరమ్మ టీవీ పెట్టుకుని కూర్చుంది. చూస్తున్నది టీవీ కాదు. కుర్చీ చేతిమీద కుడిచేతి వేళ్ళు ఆడిస్తోంది, పొద్దుటి పాటే. ఒక్కో వేలూ ఎక్కడ వెనకబడుతోందో వెతుకుతోంది. వేళ్ళు బాణాల్లా పడుతున్నాయి. నాకు చెప్పు తెగి నడిరోడ్డులో నిలబడ్డట్టయింది.

"టీచరమ్మా, మీ వేళ్ళ తప్పేం లేదు" అన్నాను.

"మల్ల మొదలువెట్టకు. పొద్దున ఓదార్చినవు గద, అది సాలు."

"ఓదార్చుడు కాదు. తప్పు నాది. నేను జేసిన సౌండు మెల్లగ లేస్తది. మీరు టైముకే నొక్కిన్రు. అది లేటుగ పలికింది."

ఆమె టీవీ ఆపింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

నేను తప్పించుకోవాలనుకున్న ప్రశ్న అదే.

"రెండో చరణంల."

"తెలిసినంకనే వయసు అన్నవా?"

"తెలిసినంకనే అన్న."

లెక్కల టీచరు కదా, ఇంకేమీ అడగలేదు, లెక్క తేలిపోయింది. "చెయ్యి సాపు" అంది. నలభై దాటిన వాణ్ణి, చాపాను. టీవీ రిమోటుతో వేళ్ళ కణుపుల మీద ఒక్కటిచ్చింది. నిజంగానే నొప్పి పుట్టింది. ఢోలక్ తమ్ముడు గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు.

"నీకెందుకురా నవ్వు? నువ్వు నా పెట్టెకు ఉబ్బసం తెప్పించినోడివి" అంది వాడితో. చెల్లెలు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. గదిలో గాలి తేలికయింది.

సింథసైజర్ బల్ల మీద పెట్టి, పొద్దుటి శబ్దాన్ని మార్చకుండా ఆమె ముందుంచాను. నా మాట మీద కాకుండా ఆమె చెవి మీదే నమ్మకం కలగాలి. తమ్ముడు బల్ల మీద దరువు వేశాడు, ఆమె వాయించింది. రెండు వరసలకే ఆగిపోయింది.

"ఓరి నీ! నేను ఉరుకుతుంటె ఇది ఆవలిస్తున్నది."

"ఈ గుండీ తిప్పాలె" అని చెయ్యి పెట్టబోయాను.

"జరుగు. నేను తిప్పుత."

అటాక్‌ను పూర్తిగా కిందికి తెచ్చేసింది. స్వరాలు టైపు మిషనులా టకటక కొట్టాయి. "గిట్ల గూడ కొరకొద్దు" అని వెంట్రుకవాసి పెంచింది. రిలీజ్ తగ్గించాక వేలు తీసిన చోట స్వరం ఆగింది. ఫిల్టర్ బాగా మూసి, "దుప్పటి కప్పుకొని పాడినట్టున్నది" అని నవ్వింది. బాగా తెరిచి, చెల్లెలు వంటింట్లోంచి "కందిరీగలొచ్చినయా?" అని అరిస్తే మళ్ళీ కొంచెం మూసింది. నేను వారం రోజులు చేయలేనిది చాయ్ మరిగేలోపు ఆమె చేసిందని అనను. గుండీల పేర్లు నేనే చెప్పాను, రెండుసార్లు దారి తప్పితే వెనక్కి తెచ్చింది కూడా నేనే. కాకపోతే ఈసారి ఆ శబ్దం వినాల్సిన మనిషి అక్కడ ఉంది.

అంతా బాగానే ఉంది కానీ ఆమెకు తృప్తి లేదు. "దీనికి ఊపిరి లేదు బిడ్డా. పెట్టెనైతె చరణం చివర గట్టిగ ఊపుత. ఇది ఒక్కతీరుగనే మొత్తుకుంటున్నది."

నా వైర్ల సంచిలో కాలితో తొక్కే పెడల్ ఒకటుంది. దాన్ని ఫిల్టర్‌కు కలిపి ఆమె పాదం కింద పెట్టాను. తొక్కితే స్వరం తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఆమెకు కుట్టుమిషను అలవాటు. కాలు పెట్టగానే గబగబా తొక్కేసింది. సింథసైజర్ ఆకలేసిన మేకపిల్లలా మ్యావు మ్యావుమని అరిచింది. మేకపిల్ల మ్యావుమనదని తమ్ముడు వాదించాడు. ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, పాదం మెల్లగా ఆనించడం నేర్చుకుంది. చరణం చివర తొక్కి పెట్టినప్పుడు స్వరం ఛాతీ నింపుకున్నట్టు పెద్దదయింది. నా అటాక్ గుండీకి రానిది అదే. ఎక్కడ పొంగాలో ఇప్పుడు ఆమె ఇష్టం.

"వచ్చే ఆదివారం వాయిస్తరు గద?" అడిగాను.

ఆమె చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి అంది: "నాకు నువ్వు చెప్పినవ్, సరే. చర్చిల అందరు నా వేళ్ళు పోయినయనుకుంటున్నరు. పండుగనాడు నేను కూసుంటె పాట పాడరు, నా చేతులు జూస్తరు. వాళ్ళకెవలు చెప్తరు?"

"నేనే చెప్త."

"ఎప్పుడు?"

"ఇయ్యాలనే. కూడికల."

ఆదివారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. ఈరోజు ఆ పక్క గల్లీలోనే. చీకటి పడకముందే చాపలు నిండాయి. సింథసైజర్ మూల పెట్టి, టీచరమ్మను దాని ముందు కూర్చోబెట్టాను. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకామె కొడుకు జ్వరం తగ్గిందని చెప్పి కూర్చుంది. నేను లేచాను. మా ఆవిడ నావైపే చూస్తోంది.

"పొద్దున పాట చెడగొట్టింది నేను" అన్నాను. "టీచరమ్మ టైముకే నొక్కింది. నేను చేసిన శబ్దం ఆలస్యంగ లేచింది. పాట నడుస్తుండంగనే నాకు తెలిసింది, తెలిసి గూడ ఊకున్న. పైగ ఆమెకు వయసైందని ఆమెతోనే అన్న. అది అబద్ధం. ఆమె ముందట, మీ అందరి ముందట తప్పు ఒప్పుకుంటున్న."

వెనకనుంచి ఒక పెద్దాయన, "మరి మైకు గుయ్యిమంటది, అది గూడ నువ్వేనా?" అని అడిగాడు.

"అది నేను కాదు."

"ఏమో, దొరికినవ్ గద, అన్నీ ఒప్పుకో" అని ఎవరో అంటే గది గొల్లుమంది. అయ్యగారు కూడా పెదవి కొరుక్కున్నారు.

టీచరమ్మ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "ఇగ సాలు, కూసో. నీ సాక్ష్యం ప్రసంగమంత అయితున్నది" అంది. చప్పట్ల పాటే ఎత్తుకుంది. ఢోలక్ దూకింది. ఈసారి ముందు వరస, వెనక వరస ఒకే మాట పాడాయి. మధ్యలో ఆమె ఆగకుండానే తల తిప్పి, "సొరకాయలు, కంకులు పట్టుకొని వరసగ నడిచేటప్పుడు గింత జోరు వద్దు, కాళ్ళకు కాళ్ళు తట్టుకుంటరు" అంది. పండుగ గురించి మాట్లాడుతోందని అర్థమై మా ఆవిడ నా వీపు మీద చిన్నగా చరిచింది.

నేను సింథసైజర్ పక్కనే చాప మీద కూర్చున్నాను. మూడో చరణంలో ఒకచోట ఫిల్టర్ ఇంకాస్త మూస్తే బాగుండుననిపించింది. చెయ్యి దానంతటదే గుండీ వైపు లేచింది. దాన్ని వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకుని, పాట అయ్యేదాకా దాని మీదే కూర్చున్నాను.